ఎసట్లో పోసే నీళ్ల గురించి కూడా అడగండి: ఆరోగ్య కార్యక్రమాలను రూపొందించే అధికారులకు బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లాలో ఆరోగ్య అవగాహన కార్యక్రమాలను రూపొందించి, నిధులు మంజూరు చేసి, సమీక్షించే అధికారులకు. వైద్య ఆరోగ్య, గ్రామీణ నీటి సరఫరా, పంచాయతీరాజ్, మహిళా శిశు సంక్షేమ, పాఠశాల విద్యా శాఖల వారికి నమస్కారాలు.

నేను ఈ జిల్లా మెట్ట మండలాల్లో ఏఎన్‌ఎంగా, అంటే పల్లె నర్సుగా, చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. ఊళ్లలో నన్ను ఇప్పటికీ నర్సమ్మ అనే పిలుస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైనందువల్ల పళ్లను, ఎముకలను పాడుచేసే జబ్బు ఫ్లోరోసిస్. దాని మీద మా ప్రాంతంలో ఏళ్ల తరబడి జరుగుతున్న అవగాహన కార్యక్రమాల వల్ల ప్రజల జీవితంలో ఏ మార్పు వచ్చిందో తెలియజేయమని కోరుతూ రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి వచ్చిన జవాబులో ఎన్ని సమావేశాలు జరిపారో, ఎన్ని కరపత్రాలు పంచారో, ఎన్ని గోడల మీద నినాదాలు రాయించారో వివరంగా ఉంది. అర్జీ పరిష్కారమైనట్టు ఫోనుకు సందేశం కూడా వచ్చింది. నేను అడిగింది మార్పు గురించి, వచ్చిన జవాబు పనుల గురించి. ఆ జవాబు రాసిన ఉద్యోగిని నేను తప్పుపట్టడం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ అలాంటి నివేదికలే పంపాను, ఎందుకంటే పైనుంచి వచ్చే ఫారంలో మార్పు రాయడానికి గడి ఉండేది కాదు. ఆ గడి ఉండాలని, దాన్ని నింపే బాధ్యత ఎవరిదో ముందే తేలాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక అనుభవం చెప్పి విషయంలోకి వస్తాను. పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు ఒక ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల మీద సమావేశం పెట్టాం. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘాల మహిళలు అందరూ వచ్చారు. బోరు నీళ్లు తాగకూడదని చెప్పాం. వాళ్లూ ఒప్పుకున్నారు. చాలా ఇళ్లలో అప్పటికే క్యాను నీళ్లు కొంటున్నారు. హాజరు పట్టీ నిండింది, ఫొటో తీసుకున్నాం. తిరిగి వస్తుంటే ఒక ఇంటి ముందు ఎసరు పెడుతున్న ఆమె కనిపించింది. బిందెలోంచి గిన్నెలోకి వంచుతున్నవి బోరు నీళ్లు. ఇదేమిటని అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఈనాటికీ గుర్తుంది: "నర్సమ్మా, క్యాను నీళ్లు తాగేదానికే సరిపోవు. అన్నంలోకి, పప్పులోకి పోసేదానికి యాడ నుంచి తెచ్చేది? అయినా కాగిన నీళ్లలో ఇంకేముంటాది?"

ఆమె నిర్లక్ష్యం చేయలేదు, మేం నేర్పిన పాఠాన్నే నాకు అప్పజెప్పింది. అతిసారం వచ్చిన ప్రతి వానాకాలంలో "నీళ్లు కాచి తాగండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాళ్లం మేమే. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. బియ్యం, పప్పు ఆ నీళ్లనే పీల్చుకుని ఉడుకుతాయి. తాగే నీళ్లు మార్చుకున్న ఇంట్లో కూడా తినే అన్నం ద్వారా ఫ్లోరైడ్ లోపలికి పోతూనే ఉంటుంది. మా సమావేశం నివేదికలో ఈ సంగతి ఎక్కడా లేదు. ఎక్కడ రాయాలో మాకు తెలియదు, రాయమని ఎవరూ అడగలేదు.

ఇది మన జిల్లాకు కొత్త జబ్బు కాదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించి వైద్య పత్రికలో నమోదు చేసిన తొలి రోజుల్లోనే, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లా పేరుతో వ్యాసం రాశారు. తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం 2008–09లో ఐదు జిల్లాలతో మొదలైనప్పుడు ఆ ఐదింటిలో నెల్లూరు ఒకటి. తొలి వ్యాసాల్లో ఒకటి మన మీదే, తొలి కార్యక్రమమూ మన దగ్గరే. అందువల్ల, ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్న లెక్క కూడా దేశానికి మన జిల్లా నుంచే అందాలని కోరుకోవడం అత్యాశ అనుకోను.

ఆ లెక్కకు పనికొచ్చే సాధనం ఒకటి ఉంది. దాన్ని లాజిక్ మోడల్ అంటారు. ఉద్యోగంలో ఉండగా ఒక శిక్షణలో నాకది పరిచయమైంది. దీని దగ్గరి చుట్టం, లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ కోసం 1969 ప్రాంతంలో తయారైంది. 1999లో అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం ప్రజారోగ్య కార్యక్రమాల మూల్యాంకనానికి, అంటే అవి ఎంత ఫలితమిచ్చాయో తూచడానికి, ఆరు మెట్ల పద్ధతిని ప్రకటించింది. మొదటి మెట్టు, కార్యక్రమంతో సంబంధమున్న వారందరినీ కలుపుకోవడం. రెండోది, కార్యక్రమం ఏమిటో, ఎలా పనిచేస్తుందనుకుంటున్నామో స్పష్టంగా వివరించుకోవడం. లాజిక్ మోడల్ ఆ రెండో మెట్టు మీద నిలబడుతుంది. పేరు కొత్తగా ఉన్నా పని సులువు. ఒక కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని ఎడమ చివర మన వనరులు రాస్తాం: డబ్బు, మనుషులు, సమయం, పరీక్ష కిట్లు. వాటి పక్కన, వాటితో చేసే పనులు. ఆ పక్కన, ఆ పనుల వల్ల వెంటనే లెక్కకు వచ్చేవి: ఎన్ని సమావేశాలు, ఎంతమంది హాజరు, ఎన్ని కరపత్రాలు. వీటిని అవుట్‌పుట్ అంటారు. మన ఫారాలు ఇక్కడ ఆగిపోతాయి. లాజిక్ మోడల్ ఇక్కడి నుంచి ఇంకా కుడివైపుకు సాగుతుంది. కొన్ని వారాల్లో, నెలల్లో ఏం మారాలి, రెండు మూడేళ్లలో ఏం మారాలి, చివరకు జనం ఆరోగ్యంలో ఏం మారాలి అని మరో మూడు గడులు అడుగుతుంది. ఒక గడి నుంచి మరో గడికి గీసే ప్రతి బాణం వెనుక "ఇది జరిగితే అది జరుగుతుంది" అన్న నమ్మకం ఒకటి ఉంటుంది. ఆ నమ్మకాలనూ, కరవు, కరెంటు, కూలి పనుల వంటి మన చేతిలో లేని పరిస్థితులనూ కాగితం అడుగున విడిగా రాయాలి. నా దృష్టిలో ఆ అడుగు వరుసే అన్నిటికంటే విలువైనది.

ఈ పటాన్ని చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుతాం. గీసేటప్పుడు మాత్రం కుడి నుంచి ఎడమకు గీయాలి. మన ఫ్లోరోసిస్ సంగతే తీసుకుందాం. చివరి గడిలో, ఈ ఏడు మా ఊళ్లో పుట్టిన పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి మొలిచే శాశ్వత దంతాల మీద మచ్చలు ఉండకూడదని రాద్దాం. అలా జరగాలంటే ఆ ఎనిమిదేళ్లూ వాళ్ల ఒంట్లోకి వెళ్లే ఫ్లోరైడ్ తగ్గాలి. అది తగ్గిందీ లేనిదీ మూత్ర పరీక్షలో త్వరలోనే తెలుస్తుంది. అది తగ్గాలంటే తాగే నీళ్లతో పాటు వండే నీళ్లు కూడా మారాలి. వండే నీళ్లు మారాలంటే ఇంటిల్లిపాదికీ చాలినన్ని మంచినీళ్లు, ఆడవాళ్లు మోయగలిగే దూరంలో, కొనాల్సి వస్తే కూలి డబ్బుతో కొనగలిగే ధరకు, వేసవిలోనూ దొరకాలి. అది కావాలంటే నీటి శాఖ పథకం నడవాలి, ఊరి ట్యాంకు ఆపరేటరు దగ్గర పరీక్ష ఫలితం ఉండాలి, బడిలో, అంగన్‌వాడీలో వంటకు ఏ నీళ్లు వాడుతున్నారో ఎవరో ఒకరు చూడాలి. ఇవన్నీ రాసుకుంటూ వస్తే ఎడమవైపు ఎక్కడో "కాచినా ఫ్లోరైడ్ పోదని చెప్పడం" అనే పని కనిపిస్తుంది. అది అవసరమైనదే, పది పనుల్లో ఒకటి. మేం ఏళ్లపాటు ఆ ఒక్క పనినే, అదీ సగమే చేసి, పదీ చేసినట్టు నివేదిక పంపాం.

1986లో ఒటావాలో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన ఆరోగ్య ప్రోత్సాహానికి ఐదు మార్గాలు చెప్పింది: ఆరోగ్యానికి మేలు చేసే ప్రభుత్వ విధానం, అనుకూలమైన పరిసరాలు, సమాజం పూనుకుని చేసే పని, వ్యక్తుల నైపుణ్యం పెంచడం, వైద్య సేవల దిశ మార్చడం. మన కార్యక్రమాల బరువంతా నాలుగోదాని మీదే పడింది. ప్రజలకు తెలియకపోవడమే కారణమన్న ఊహను ఎవరూ పరీక్షించలేదు. ఆ ఇంటి ముందు ఎసరు పెట్టిన ఆమెకు బోరు నీళ్ల చేటు తెలుసు, ఆమె దగ్గర లేనివి మంచినీళ్లు.

మూల్యాంకనంలో ఈ పటం చేసే మేలు ఇంకొకటి ఉంది. ఒక కార్యక్రమం ఫలితం ఇవ్వనప్పుడు అందుకు రెండు కారణాలు ఉండవచ్చు. అనుకున్న పని సరిగా జరగకపోయి ఉండవచ్చు, లేదా పని చక్కగా జరిగినా దాని వెనుక ఉన్న ఆలోచనే తప్పై ఉండవచ్చు. మొదటిదానికి మందు సిబ్బందిని, సరఫరాను, పర్యవేక్షణను సరిచేయడం. రెండోదానికి కార్యక్రమాన్నే మార్చడం. పటం లేకపోతే ఈ రెండింటినీ విడదీసి చూడలేం. అప్పుడు ప్రతి వైఫల్యమూ కింది ఉద్యోగి సోమరితనంగానో, పల్లె జనం మొండితనంగానో పైవారికి కనిపిస్తుంది. ఎన్నో సమీక్షల్లో నిలబడి ఈ రెండు మాటలూ విన్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఈ బాణాల గొలుసును చివరి దాకా పట్టుకున్న కార్యక్రమం కూడా నా కళ్ల ముందే నడిచింది. 1995లో మొదలైన పల్స్ పోలియోలో, తరువాతి ఏళ్లలో ఇంటింటికీ తిరగడం మొదలయ్యాక, ఎంతమందికి చుక్కలు వేశాం అన్న లెక్కతో మేం ఆగలేదు. వేలి మీద గుర్తు, ఇంటి గోడ మీద సుద్దతో గుర్తు ఉండేవి. అందరు పిల్లలకూ వేసిన ఇంటికి పి, పిల్లలు మిగిలిపోయిన ఇంటికి ఎక్స్ రాసేవాళ్లం. సాయంత్రం మమ్మల్ని అడిగేది ఎక్స్ ఇళ్ల గురించే. మర్నాడు మళ్లీ ఆ ఇళ్లకే వెళ్లేవాళ్లం. ఇంకోవైపు, కాళ్లు చచ్చుబడిన ప్రతి బిడ్డ గురించీ విడిగా నిఘా ఉండేది. అంటే చుక్కల లెక్క ఒక గడిలో, జబ్బు లెక్క మరో గడిలో, రెంటి మధ్య మిగిలిపోయిన ఇళ్ల లెక్క ఉండేవి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. అదే సిబ్బంది, అవే ఊళ్లు, అదే ఎండ. ఫ్లోరోసిస్‌లో మాత్రం ఎక్స్ ఇల్లు అనే మాటే లేదు.

రక్తహీనత సంగతి క్లుప్తంగా చెబుతాను. గర్భిణులకు ఐరన్ మాత్రల కార్యక్రమం దేశంలో 1970లోనే మొదలైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015–16లో 60 శాతం, 2019–21 సర్వేలో 58.8 శాతం. మాత్రలు ఎన్ని పంచామన్న లెక్క మా రిజిస్టర్లలో తప్పులేకుండా ఉంటుంది. ఇంటికి వెళ్లిన మాత్ర నోట్లోకి వెళ్లిందా, మలబద్ధకమో వాంతో వచ్చి పరుపు కిందకు వెళ్లిందా అన్నది ఏ రిజిస్టరులోనూ లేదు.

లాజిక్ మోడల్‌కు పరిమితులున్నాయని నాకు తెలుసు. ఆఫీసులో కూర్చుని ఒకరు నింపేస్తే అది ఇంకో ఫారం అవుతుంది. పైగా జీవితం బాణం గీసినంత తిన్నగా సాగదు. ఇందుకు మన కలిగిరి మండలం దూబగుంట కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1990ల తొలి ఏళ్లలో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ సంసారాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంట మహిళలు, రోశమ్మ వంటివారు ముందు నిలిచి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ కదలిక జిల్లా అంతటా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. అక్షరాస్యత కార్యక్రమాన్ని ఎంతమంది సంతకం నేర్చారన్న ఒక్క లెక్కతో తూచి ఉంటే, ఆ ఏళ్లలో ఈ జిల్లాలో ప్రజారోగ్యానికి జరిగిన అతిపెద్ద మేలు నివేదికలోకి ఎక్కేదే కాదు. అందుకే పటంలో అనుకోని ఫలితాలకూ చోటు ఉండాలని, మంచివైనా చెడ్డవైనా వాటిని ఊళ్లో వాళ్ల నోటే వినాలని అడుగుతున్నాను. దూబగుంట వంటి ఊళ్లున్న మెట్టలో ఆడవాళ్లను "లబ్ధిదారులు" అన్న గడిలో కూర్చోబెట్టి పటం గీయడం తగదు. పెన్సిలు వాళ్ల చేతికీ ఇవ్వాలి.

ఇప్పుడున్న పద్ధతి వల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టం ఇది:

1. కూలి చేసుకునే కుటుంబం ఒకే జబ్బుకు రెండుసార్లు మూల్యం చెల్లిస్తోంది. క్యాను నీళ్లకు రోజూ డబ్బు పెడుతుంది, వండే నీళ్ల ద్వారా జబ్బునూ తెచ్చుకుంటోంది. తాము జాగ్రత్త తీసుకున్నామనే నమ్మకంతో ఇంకేమీ అడగరు. పిల్లల పళ్లు గారపట్టినట్టు కనిపించినప్పుడు మా తలరాత అనుకుంటారు, లేదా ఆ క్యాను నీళ్ల మీదా, మా మాట మీదా నమ్మకం పోయి మళ్లీ బోరుకే వెళతారు. ఈ రెండూ నేను చూశాను. సగం సందేశం చెప్పి వదిలేయడం వల్ల వచ్చిన చేటు ఇది.

2. పిల్లల పళ్ల పైపూత ఏర్పడేది మొదటి ఎనిమిదేళ్లలోపే. ఆ వయసు దాటాక మచ్చను వెనక్కి తీసుకోలేం. కార్యక్రమం ఒక ఏడు ఫలితం లేకుండా గడిచిందంటే, ఆ ఏడు పుట్టిన పిల్లలు తమ ఎనిమిదేళ్లలో ఒక ఏడు కోల్పోయినట్టు.

3. ఎముకల ఫ్లోరోసిస్ వచ్చిన పెద్దవాళ్లు మెడ తిప్పలేక, నడుము వంచలేక, నేల మీద కూర్చోలేక పోతారు. కొంతమందికి అది వయసు నొప్పిగానో కీళ్లవాతంగానో చెప్పి పంపేస్తారు. వాళ్లు నొప్పి మాత్రలు, సూదులతో ఏళ్లు నెట్టుకొస్తారు. ఎడతెగని నొప్పి మాత్రల వాడకం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇలాంటి మనిషిని గుర్తించి, అతని ఇంటి నీళ్లు పరీక్షించి, ఆ ఇంట్లోని పసిపిల్లలనైనా కాపాడాలన్న బాణం మన కార్యక్రమ పత్రంలో గీసి ఉంటే, అది ఎక్కడ తెగిందో కనిపించేది.

4. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఫలితం తమ చేతిలో లేని పనికి జవాబుదారులవుతున్నారు. నీళ్లు ఇవ్వలేని మనిషి నీళ్ల గురించి నాలుగోసారి చెబితే ఊళ్లో మర్యాద నిలవదు. ఆ తరువాత టీకా గురించి చెప్పినా వినేవాళ్లు తగ్గుతారు.

5. ఏం పనిచేయలేదో నమోదు కానందువల్ల, వచ్చే ఏడూ అదే కార్యక్రమం అదే పేరుతో మంజూరవుతుంది.

పై విషయాలన్నీ దృష్టిలో పెట్టుకుని, వచ్చే ఆర్థిక సంవత్సరపు ప్రణాళికలు ఖరారు కాకముందే కింది చర్యలు తీసుకోవాలని కోరుతున్నాను.

1. ఫ్లోరోసిస్‌తో మొదలుపెట్టి, జిల్లాలో ప్రతి ఆరోగ్య అవగాహన కార్యక్రమానికీ ఒక పేజీ లాజిక్ మోడల్ తయారయ్యాకే నిధులు మంజూరు చేయాలి. ఆ పేజీని తెలుగులో, పెద్ద అక్షరాలతో, సచివాలయం గోడ మీద, ఆరోగ్య కేంద్రం గోడ మీద అతికించాలి. నినాదం రాసే గోడ మీదే ఇది కూడా పడుతుంది.

2. ఆ పటాన్ని ఊళ్లో కూర్చుని గీయాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కాగితాల మీద ఇప్పటికే ఉంది, దాన్ని పిలవాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ప్రధానోపాధ్యాయుడు, బడిలో వంట చేసే మహిళలు, ట్యాంకు ఆపరేటరు, పొదుపు సంఘాల వారు, ఫ్లోరోసిస్‌తో బాధపడుతున్న కనీసం ఒకరిద్దరు అందులో ఉండాలి. "ఇది జరిగితే అది జరుగుతుందా?" అని ప్రతి బాణం దగ్గరా ఆగి వాళ్లను అడగాలి. ఎసట్లో పోసే నీళ్ల సంగతి మొదటి అరగంటలోనే బయటపడుతుంది.

3. వైద్య ఆరోగ్య శాఖ, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఒకే కాగితం మీద ఉండాలి. మా అనుభవంలో గొలుసు తెగేది ఈ రెండు కార్యాలయాల మధ్యనే. నీళ్ల పరీక్ష ఫలితం ఒకచోట, పళ్ల పరీక్ష ఫలితం మరోచోట ఉంటాయి, రెండూ ఎప్పుడూ కలవవు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు, అదీ నిర్దేశిత ప్రమాణాలతో, ఇంటి కుళాయికే రావాలంటోంది. ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని కూడా అందులో ఉంది. భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి. కుళాయి బిగించడం అవుట్‌పుట్, ఆ కుళాయిలో ఈ ప్రమాణానికి లోబడిన నీరు రావడం ఫలితం. శిక్షణ పొందిన ఆ మహిళలు తేల్చిన లెక్క ప్రతి నెలా ఏఎన్‌ఎంకు కూడా అందాలి. ప్రతి బాణానికీ బాధ్యులెవరో హోదాతో సహా రాయాలి.

4. కార్యక్రమం మొదలు కాకముందే ఉన్న స్థితిని కొలవాలి. మొదట కొలవనిదాన్ని చివర కొలిచినా ఉపయోగం లేదు. దగ్గరి ఫలితానికి, వండేందుకు ఏ నీళ్లు వాడుతున్నారన్నది ఇంటి దగ్గర చూసి నమోదు చేయాలి. అడిగితే చెప్పేదీ వండేదీ ఒకటి కాకపోవచ్చు కాబట్టి చూసే రాయాలి. నడిమి ఫలితానికి, బడి పిల్లల్లో కొంతమందికి మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయాలి. దూర ఫలితానికి, ఏటా ఎనిమిదేళ్ల పిల్లల పళ్లు చూడాలి. మొదటి ఏడాదే పళ్లలో మార్పు కనబడలేదని కార్యక్రమాన్ని ఆపకూడదు, పళ్లకు ఎనిమిదేళ్లు పడుతుందని మిగతా రెండూ కొలవకుండా ఉండకూడదు. అన్ని ఊళ్లలో ఒకేసారి మొదలుపెట్టలేకపోతే, తరువాత మొదలయ్యే ఊళ్ల లెక్క కూడా అప్పుడే తీసి ఉంచితే పోల్చి చూడటానికి పనికొస్తుంది. కరవు ఏడాది వచ్చి బోర్లు ఇంకా లోతుకు దింపినప్పుడు, ఆ మార్పు కార్యక్రమం వల్లనా కాలం వల్లనా అని తేల్చడానికి వేరే దారి లేదు.

5. మిగిలిపోయిన ఇళ్ల లెక్క కావాలి. పోలియోలో ఎక్స్ ఇళ్లు రాసినట్టే, మంచినీళ్లు చేరని ఇళ్లు, ఊరి చివరి కాలనీలు, గొర్రెల వెంట వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో సమీక్షలో మొదట అడగాలి.

6. మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ వంట సురక్షితమైన నీళ్లతోనే జరగాలని వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి ఏ పటమూ గీయనక్కర్లేదు.

7. కొలతకు డబ్బు కేటాయించాలి. ఆరోగ్య ప్రోత్సాహ కార్యక్రమాల మొత్తం వనరుల్లో కనీసం 10 శాతాన్ని మూల్యాంకనానికి ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగపు నిపుణుల బృందం 1998లోనే సూచించింది. మన దగ్గర ఆ పని ఏఎన్‌ఎం సాయంకాలాల మీద పడుతుంది. అది న్యాయం కాదు.

8. కొత్త గడులు పెట్టినప్పుడు పాత గడులు తీసేయాలి. ఇది నేను బతిమాలి అడుగుతున్న మాట. ఇప్పటికే ఆశా కార్యకర్తల చేతిలో రిజిస్టర్లు, ఫోనులో యాప్‌లు, వాటిలో ఫొటోలు ఉన్నాయి. ఏ నిర్ణయానికీ పనికిరాని లెక్కలు ఏవో వాళ్లనే అడిగి, వాటిని రద్దు చేశాకే ఫలితాల లెక్క అప్పగించాలి. లేకపోతే ఆ లెక్కలూ రాత్రి పదకొండు గంటలకు ఊహించి నింపేవే అవుతాయి.

9. ఏడాదికోసారి పటాన్ని తిరిగి గీయాలి. తెగిన బాణాన్ని తెగిందని రాసిన ఉద్యోగికి మెమో ఇవ్వకూడదు. నిజం రాస్తే శిక్ష పడుతుందని తెలిసినచోట ఎవరూ నిజం రాయరు, నేనూ రాయలేదు.

ఈ తొమ్మిదింటిలో రెండు, ఆరు అంశాలకు అదనపు నిధులు దాదాపు అవసరం లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు మండలాల్లో ఏ ఊరు ఎంచుకున్నా మొదటి పటం గీసే రోజున నా ఖర్చులతో వచ్చి కూర్చుంటాను, నాతో పనిచేసి విరమించిన మరికొందరిని కూడా తీసుకొస్తాను. పాత డైరీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఏ ఊళ్లో ఏ బోరు నీళ్లు ఏ ఏడు వాడేవాళ్లో వాటిలో కొంత రాసి ఉంది. ఈ లేఖకు జవాబు పంపేటప్పుడు, జరిగిన సమావేశాల సంఖ్యతో పాటు, గత ఏడాది ఎన్ని ఇళ్లలో వండే నీళ్లు మారాయో తెలియజేయాలని కోరుతున్నాను. ఆ సంఖ్య ఇంకా కొలవలేదు అన్నదే నిజమైతే, ఎప్పటి నుంచి కొలుస్తారో తేదీ రాయండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతపు ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు